గర్భసంచి శస్త్రచికిత్స తరువాత మూత్రకృచ్ఛ్రం రాకుండా కాపాడుకోవడం ఎలా?

శరీరంలోని నూట ఏడు మర్మస్థానాలలో శిరస్సు, హృదయం, వస్తి అనే మూడింటిని చరకాచార్యులు ప్రధానమైనవిగా ఎంచి చెప్పారు. వస్తి అంటే మూత్రాశయం. గర్భాశయానికి సరిగ్గా ముందువైపు, దానిని ఆనుకొని ఉండే అవయవం ఇదే. అందువల్ల గర్భాశయానికి శస్త్రచికిత్స జరిగినప్పుడు మూత్రాశయం కూడా ఎంతో కొంత ఒత్తిడికి లోనవుతుంది. ఆపరేషన్ చక్కగా జరిగి, కుట్లు చక్కగా మాని, ఇంటికి వచ్చిన తరువాత కొందరు స్త్రీలు మూత్రంలో మంటతోనూ, చలిజ్వరంతోనూ మళ్లీ ఆసుపత్రి పాలు కావడానికి మూలం ఇక్కడే ఉంది.

ఇది మన ప్రాంతంలో తక్కువ మందికి సంబంధించిన విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు గల స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తొలగించారు. దేశం మొత్తం మీద ఈ సంఖ్య నూటికి 3 మాత్రమే. సదుం, పుంగనూరు పల్లెలలో ఏ వీధికి వెళ్లినా ఈ ఆపరేషన్ చేయించుకున్న ఆడపడుచు ఒకరైనా కనిపిస్తారు. అసలు ఆ ఆపరేషన్ అవసరమా, మందులతో నయమయ్యే అవకాశం ఉన్నదా అని రెండవ వైద్యుని అభిప్రాయం తీసుకోవడం మొదటి జాగ్రత్త. అవసరమని తేలిన తరువాత పాటించవలసిన జాగ్రత్తలను గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

నాకు పాఠం నేర్పిన సంఘటన

నేను సదుంలో ఆయుర్వేద వైద్యం చేస్తున్నవాడిని. కొన్నేళ్ల క్రితం మా అక్కయ్యకు గర్భసంచిలో గడ్డల వల్ల అధిక రక్తస్రావమై, ఆపరేషన్ చేయవలసి వచ్చింది. అయిదవ రోజున ఇంటికి తీసుకొని వచ్చాము. అప్పటినుంచి మా అమ్మ పథ్యం ప్రారంభమైంది. పూటకు ఒక చిన్న గ్లాసు వేడినీళ్లు, రెండు ముద్దల అన్నం, కారప్పొడి. “నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయి నాయనా, మీకేం తెలుసు” అని అమ్మ మాట. అక్కయ్య కూడా నీళ్లు అడగలేదు. మరుగుదొడ్డి పెరటి చివరన ఉన్నది. అక్కడికి వెళ్లాలంటే ఒకరు పట్టుకొని నడిపించాలి. పగలంతా కోడలు టమాటా తోటలో ఉండేది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని అక్కయ్య నీళ్లూ తగ్గించింది, మూత్రమూ బిగపట్టింది.

మూడవ రోజున మూత్రంలో మంట అన్నది. “వేడి చేసింది” అనుకున్నాను. ధనియాల నీళ్లు, పల్లేరుకాయల కషాయం ఇచ్చాను. రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నదో అడగలేదు. థర్మామీటరు పెట్టి చూడలేదు. రెండు రోజులు అలాగే గడిచాయి. ఆ రాత్రి వణుకుతో జ్వరం, నడుము ఒక పక్కన భరించలేని నొప్పి, వాంతులు. కారులో మదనపల్లెకు తీసుకొని వెళితే, ఇన్ఫెక్షన్ మూత్రపిండానికి పాకిందని చెప్పి వారం రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు. అక్కడి డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “రోజుకు ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లేవారు?” అని. వైద్యుడినై ఉండి నేను సమాధానం చెప్పలేకపోయాను.

అక్కయ్య కోలుకున్నది. కానీ ఆ రెండు రోజుల ఆలస్యం నాది. గృహవైద్యాన్ని నమ్మే కుటుంబాలలో ఇటువంటి ఆలస్యం సులభంగా జరుగుతుంది కాబట్టి, దాచుకోకుండా ముందుగా చెబుతున్నాను.

శాస్త్రం ఏమంటున్నది?

మూత్రం కష్టంగా, మంటతో, కొద్దికొద్దిగా రావడాన్ని ఆయుర్వేదం మూత్రకృచ్ఛ్రం అన్నది. ఇది ఎనిమిది విధాలు. వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలను అలా ఉంచితే, మాధవనిదానంలో చెప్పిన మరి రెండు భేదాలు మనకు ఇక్కడ ముఖ్యమైనవి. ఒకటి శల్యజం. అంటే మూత్రమార్గానికి శల్యం వల్ల, గాయం వల్ల కలిగేది. రెండవది పురీషజం. అంటే మలబద్ధకం వల్ల కలిగేది. మూత్రమార్గంలో గొట్టం ఉంచడం, ఆపరేషన్ తరువాత నాలుగు రోజులు విరేచనం కాకపోవడం అనే నేటి పరిస్థితులకు ఈ రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం, ఆపుకోకూడని పదమూడు వేగాలను గురించినది. ఆ పదమూడింటిలో మొదట చెప్పినది మూత్రవేగం. దానిని బిగపట్టినందువల్ల వస్తిలో నొప్పి, మూత్రకృచ్ఛ్రం కలుగుతాయని ఆ అధ్యాయం హెచ్చరించింది.

ఆధునిక వైద్యం ఇదే విషయాన్ని సూక్ష్మజీవుల దృష్టితో చెబుతుంది. ఈ ఇన్ఫెక్షన్లలో అత్యధిక భాగానికి కారణం మన పేగులలోనే నివసించే ఈ-కోలై అనే బ్యాక్టీరియా. స్త్రీలలో మూత్రమార్గం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే. మలద్వారానికి అది సమీపంలోనే ఉన్నది. అందువల్ల క్రిములు లోపలికి చేరడం తేలిక. మామూలు సమయంలో ధారగా వచ్చే మూత్రం వాటిని కడిగివేస్తుంది. ఆపరేషన్ తరువాత ఆ రక్షణ మూడు విధాలుగా దెబ్బతింటుంది.

మొదటిది, మూత్రం కోసం అమర్చే క్యాథెటర్ గొట్టం. అది ఉన్న ప్రతి రోజూ నూటికి 3 నుంచి 7 మందికి మూత్రంలో క్రిములు చేరుతాయి. రెండవది, మత్తుమందు ప్రభావం, నొప్పి, నరాలపై పడిన ఒత్తిడి. వీటివల్ల మూత్రాశయం నిండినట్లు తెలియదు, వెళ్లినా పూర్తిగా ఖాళీ కాదు. నిలువ ఉన్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి. మూడవది, నీళ్లు తక్కువ తాగడం. మొదటి రెండూ ఆసుపత్రి చేతిలో ఉన్నవి. మూడవది మాత్రం పూర్తిగా మన ఇంటి చేతిలో ఉన్నది.

నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయా?

పడవు. తాగిన నీరు పేగుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మూత్రపిండాలకు వెళుతుంది. కుట్ల వద్ద ఊరి నిలువ ఉండదు. గాయానికి చీము పట్టేది క్రిముల వల్లనే. పైగా నీళ్లు తగ్గిస్తే మలం గట్టిపడుతుంది. ముక్కవలసి వస్తుంది. అప్పుడు కుట్లపై పడే ఒత్తిడే అసలైన ప్రమాదం.

నీటి విలువను కొలిచి చూపిన ఒక పరిశోధన 2018లో ప్రచురితమైంది. తరచుగా మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చే, రోజుకు లీటరున్నర కంటే తక్కువ నీళ్లు తాగే 140 మంది స్త్రీలను తీసుకొని, సగం మందిని రోజూ అదనంగా మరో లీటరున్నర తాగమన్నారు. ఏడాదిలో, తాగినవారికి సగటున 1.7 సార్లు, తాగనివారికి 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. అది ఆపరేషన్ అయినవారిపై జరిగిన పరిశోధన కాకపోయినా, నీటి ప్రభావం ఎంతటిదో దానివల్ల స్పష్టమవుతున్నది.

ద్రవపదార్థాలు తీసుకోవచ్చునని డాక్టరు అనుమతించిన తరువాత, రోజు మొత్తంలో రెండు నుంచి రెండున్నర లీటర్ల నీరు, పానీయాలు కలిపి అందేటట్లు చూడాలి. ఒకేసారి చెంబెడు కాకుండా, గంటకొకసారి అర గ్లాసు చొప్పున ఇవ్వడం మంచిది. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే నీరు చాలుతున్నట్లు లెక్క. చిక్కటి పసుపు రంగులో ఉంటే చాలడం లేదు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతనే పాటించాలి.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు

1. క్యాథెటర్ ఉన్నంతసేపూ మూత్రపు సంచి మూత్రాశయం కంటే కిందుగా వేలాడాలి. నేలకు మాత్రం తగలకూడదు. మంచంపైన రోగి పక్కన పెట్టకూడదు. గొట్టం మెలిక పడకుండా చూడాలి.

2. సంచిని ఖాళీ చేసే ముందూ, తరువాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

3. “ఈ గొట్టం ఇంకా అవసరమా అమ్మా?” అని ప్రతి ఉదయం నర్సును వినయంగా అడగండి. సాధారణ గర్భసంచి ఆపరేషన్లలో చాలామందికి 24 గంటల లోపలే తీసివేయవచ్చు. అయితే మూత్రాశయానికి గాయమైనా, జారిన గర్భసంచికి ఆపరేషన్ జరిగినా ఎక్కువ రోజులు ఉంచవలసి రావచ్చు. ఆ నిర్ణయం డాక్టరుదే. మనంతట మనం పట్టుబట్టి తీయించరాదు.

4. గొట్టం తీసిన తరువాత నాలుగు నుంచి ఆరు గంటల లోపల మూత్రం రావాలి. రాకపోయినా, మాటిమాటికీ చెంచాడు చొప్పున మాత్రమే వస్తున్నా వెంటనే చెప్పాలి. మూత్రాశయం నిండి పొంగుతున్నప్పుడు కూడా అలాగే చుక్కలు చుక్కలుగా వస్తుంది. “వస్తూనే ఉన్నది కదా” అని ఊరుకోకూడదు.

ఇంటికి వచ్చిన తరువాత

1. మన ఊళ్ల నుంచి తిరుపతికో, వేలూరుకో, మదనపల్లెకో వెళ్లి ఆపరేషన్ చేయించుకొని రావడం పరిపాటి. బయలుదేరే ముందు మూత్రవిసర్జన చేయించండి. దారిలో అవసరమవుతుందేమోనని నీళ్లు మానిపించకండి. అవసరమైన చోట బండి ఆపండి.

2. కోరిక కలిగినా, కలగకపోయినా పగటిపూట మూడు గంటలకొకసారి మూత్రానికి వెళ్లాలి. పూర్తయిన తరువాత ఒక నిమిషం ఆగి, కొద్దిగా ముందుకు వంగి మళ్లీ ప్రయత్నిస్తే మిగిలినది కూడా వస్తుంది.

3. మరుగుదొడ్డి దూరమైతే, గొంతుక్కూర్చోవడం కష్టమైతే, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీని గదిలోనే అమర్చండి. రాత్రి దీపం ఉంచండి. పిలిస్తే పలికే దూరంలో ఒకరు పడుకోవాలి. ఇది మందు కంటే మిన్న. చాలామంది స్త్రీలు నీళ్లు మానేది దాహం లేక కాదు, ఇతరులను పిలవడానికి సంకోచించి.

4. మలవిసర్జన తరువాత ముందు నుంచి వెనుకకు శుభ్రం చేసుకోవాలి. మూత్రద్వారం వైపు నీళ్లు వెనుక నుంచి ముందుకు రాకూడదు.

5. కొన్ని వారాల పాటు కొద్దిగా స్రావం ఉండవచ్చు. ప్యాడ్ అయితే నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చాలి. గుడ్డలు వాడేవారు సబ్బుతో ఉతికి, మంచి ఎండలో ఆరవేయాలి. చాటుగా నీడలో ఆరిన గుడ్డ పనికిరాదు.

6. పసుపు నీళ్లు, పటిక నీళ్లు, డెట్టాల్ వంటివి యోని లోపలికి ఎక్కించి కడగరాదు. బయట మంచినీటితో కడిగితే చాలు.

7. దాంపత్య జీవనం డాక్టరు పరీక్షించి అనుమతించిన తరువాతనే. అటు తరువాత కూడా కలయిక అనంతరం మూత్రవిసర్జన చేయడం మంచి అలవాటు.

8. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులో ఉంచుకోవాలి. అండాశయాలు కూడా తీసివేసినవారికి, ముట్లుడిగినవారికి ఆ భాగం పొడిబారి ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ రావచ్చు. లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము వారికి ఉపయోగపడుతుంది. స్త్రీవైద్యురాలిని అడగండి.

వంటింటి పానీయాలు

ఈ పానీయాలు నీటిని రుచిగా, సుఖంగా లోపలికి పంపే మార్గాలు. రోగం రాకముందు ఇవి సహాయకాలు. క్రిములు చేరి జ్వరం వచ్చిన తరువాత ఇవే చికిత్స కావు. ఈ తేడాను మనసులో ఉంచుకొని వాడండి.

బార్లీ జావ: రెండు పెద్ద చెంచాల బార్లీ గింజలను కడిగి, లీటరు నీటిలో అరగంట మరిగించి వడకట్టాలి. చిటికెడు ఉప్పు, కొద్దిగా నిమ్మరసం చేర్చి రోజు మొత్తంలో తాగవచ్చు. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి.

ధనియాల శీతకషాయం: రెండు చెంచాల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, కాచి చల్లార్చిన ఒక గ్లాసు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడకట్టి తాగాలి. దాహాన్ని, మంటను తగ్గించేదిగా దీనికి పేరు. పచ్చినీటిలో నానవేయవద్దు. ఆపరేషన్ అయిన మనిషికి విరేచనాలు కూడా తోడైతే కష్టం.

వట్టివేరు నీళ్లు: శుభ్రంగా కడిగిన చిన్న వట్టివేరు కట్టను కాచి చల్లార్చిన నీటిలో వేసి ఉంచాలి. నీరు తాగబుద్ధి కానివారికి ఆ సువాసన ఉపకరిస్తుంది.

సుగంధిపాల పానకం: మన ప్రాంతంలో నన్నారి షర్బతుగా అందరికీ తెలిసినదే. అంగడిలో దొరికే దానిలో చక్కెర పాలు ఎక్కువ. మధుమేహం ఉన్నవారు వేరును మరిగించిన నీటిని చక్కెర లేకుండా తాగాలి.

వీటికి తోడు పలుచని మజ్జిగ, రాగి అంబలి, కొబ్బరినీళ్లు. మలబద్ధకం రాకుండా ఆకుకూరలు, సొరకాయ, బీరకాయ, నానబెట్టిన ఎండుద్రాక్ష. ఊరగాయలు, మితిమీరిన కారం, చిక్కని కాఫీ కొన్నాళ్లు తగ్గించడం మంచిది.

ఇక పల్లేరుకాయ. మూత్రవ్యాధులలో ఆయుర్వేదం విరివిగా వాడే ద్రవ్యం ఇది. కానీ ఆపరేషన్ అయిన వెంటనే, డాక్టరు ఇచ్చిన మందులు నడుస్తుండగా దీనిని స్వయంగా మొదలుపెట్టకండి. బి.పి., చక్కెర మందులు వాడేవారికి మరింత జాగ్రత్త అవసరం. వైద్యుని సలహాపైననే వాడాలి. సూరేకారం వంటివి ఎవరు చెప్పినా లోపలికి ఇవ్వరాదు.

క్రాన్‌బెర్రీ సంగతి

ఈ పండును గురించి చాలామంది అడుగుతున్నారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో, స్త్రీరోగ సంబంధమైన ఆపరేషన్ చేయించుకున్న 160 మందిపై జరిగిన పరిశోధన 2015లో వెలువడింది. ఆరు వారాల పాటు సగం మందికి క్రాన్‌బెర్రీ రసపు గుళికలు, సగం మందికి మందు లేని గుళికలు ఇచ్చారు. గుళికలు వాడిన 80 మందిలో 15 మందికి, వాడని 80 మందిలో 30 మందికి మూత్ర ఇన్ఫెక్షన్‌కు చికిత్స అవసరమైంది. 2023లో అనేక పరిశోధనలను కలిపి చేసిన కాక్రేన్ సమీక్ష కూడా, తరచుగా ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో ఇది కొంత రక్షణ ఇస్తుందని తేల్చింది. కాబట్టి స్తోమత ఉన్నవారు డాక్టరును అడిగి వాడవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు తప్పక అడగాలి. అయితే ఇది వచ్చిన ఇన్ఫెక్షన్‌ను తగ్గించే మందు కాదు.

మరొక మాట. మన వాక్కాయ పుల్లగా, ఎర్రగా ఉంటుంది గనుక అదే క్రాన్‌బెర్రీ అని కొందరు అనుకుంటున్నారు. రెండూ వేరువేరు మొక్కలు. వాక్కాయ పప్పు రుచికి మంచిదే. కానీ పై ఫలితాలను దానికి అంటగట్టరాదు.

ఇంటివైద్యం ఆపవలసిన చోటు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా కషాయాలు పక్కన పెట్టి, అదే రోజు డాక్టరు వద్దకు వెళ్లాలి.

— జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, చలితో వణుకు.
— నడుముకు ఒక పక్కన నొప్పి, వాంతులు.
— మూత్రంలో మంట, మాటిమాటికీ రావడం, రక్తం కనిపించడం.
— ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం.
— ప్రమేయం లేకుండా యోని ద్వారా మూత్రం నిరంతరం కారడం. దీనిని బలహీనత అనుకొని దాచుకోకూడదు. మూత్రమార్గానికి గాయమైన సూచన కావచ్చు.
— దుర్వాసనతో కూడిన స్రావం.
— పెద్ద వయసు వారిలో అకస్మాత్తుగా మతి తప్పినట్లు మాట్లాడటం.

యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వడం మేలు. శుభ్రం చేసుకొని, మొదటి ధార వదిలి, మధ్య ధారను ఆసుపత్రి ఇచ్చిన సీసాలో పట్టాలి. ఫలితం రావడానికి రెండు రోజులు పట్టినా, ఏ మందు పనిచేస్తుందో దానివల్ల తెలుస్తుంది. పొరుగింటివారికి తగ్గిన మాత్రను అంగడిలో కొని వేసుకోవడం, రెండు రోజులకే మంట తగ్గిందని మానివేయడం, రెండూ తప్పే. చెప్పినన్ని రోజులూ వాడాలి. ఏ బాధా లేకుండా పరీక్షలో మాత్రమే క్రిములు కనిపిస్తే, చాలాసార్లు మందు అవసరం ఉండదు. ఆ నిర్ణయాన్ని డాక్టరుకు విడవండి.

చివరి మాట

ఆపరేషన్ అయిన మనిషి మంచం పక్కన ఒక కాగితం, పెన్సిలు ఉంచండి. తాగిన ప్రతి గ్లాసుకూ ఒక గీత, మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ ఒక సున్నా. ఉదయం, సాయంత్రం జ్వరం అంకె. మూడు వారాల పాటు ఇంత చేయండి. నాడు ఆ కాగితం మా ఇంట్లో ఉండి ఉంటే, డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు నా వద్ద సమాధానం ఉండేది. అసలు ఆ ప్రశ్న వరకూ వచ్చి ఉండేవారమే కాదేమో.

ఇప్పుడు మా వీధిలో ఎవరికి ఆపరేషన్ జరిగినా అక్కయ్య చూడటానికి వెళుతుంది. పండ్లతో పాటు ఒక నీళ్ల సీసా కూడా తీసుకొని వెళ్లి, మంచం పక్కన చేతికి అందేటట్లు పెట్టి వస్తుంది. మా అమ్మ దానికి అభ్యంతరం చెప్పడం మానేసింది.